అమ్మ మొక్కుబడి, నా పిలుపు

ప్రశ్న: నాకు 31 ఏళ్ళు. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఎనిమిది నెలల పసివాడిగా ఉన్నప్పుడు విపరీతమైన జ్వరం వచ్చి, ఇక బతకనని చెప్పేశారట. ఆ రాత్రి అమ్మ "ప్రభువా, వీణ్ణి బతికిస్తే నీ సేవకే ఇచ్చేస్తాను" అని మొక్కుకుంది. నేను బతికాను. ఆ మాట వింటూనే పెరిగాను. ఇప్పుడు అమ్మకు ఒంట్లో బాగుండటం లేదు. "కన్ను మూసేలోపు నువ్వు వాక్యం చెబుతుంటే చూడాలి" అంటుంది. మా పాస్టరు గారు నన్ను యోనాతో పోల్చి, పిలుపు నుంచి పారిపోతున్నావన్నారు. నిజానికి నాకు ఏ పిలుపూ వినబడలేదు. మైకు పట్టుకుంటే చేతులు వణుకుతాయి. దేవుడు నన్నెలా మార్చాడో సాక్ష్యం చెప్పమంటే చెప్పడానికి ఏమీ లేదు. విశ్వాసుల ఇంట్లో పుట్టాను, 16వ ఏట బాప్తిస్మం తీసుకున్నాను, అంతే. ఆఫీసులో నేను క్రైస్తవుణ్ణని కూడా పెద్దగా ఎవరికీ తెలియదు. కొత్తగా చేరిన కుర్రాడొకడు ఇంటి కష్టాలు చెప్పుకోవడానికి నా దగ్గరికి వస్తుంటాడు. వాడికి ఒక వచనమైనా చెప్పను, ఊరికే వింటాను. అసలు నేను విశ్వాసినేనా? ఉద్యోగం మానేసి సేవకు వెళ్ళాలా? రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.

జవాబు:

తమ్ముడూ, వయసులో నీకు పెద్దక్కనవుతాను. అందుకని చనువుగా "నువ్వు" అనే రాస్తున్నాను.

ముందు ఒక పని చెయ్యి. బైబిలు తీసి మొదటి సమూయేలు చదువు. 1వ అధ్యాయం వద్దు. సమూయేలు తల్లి హన్నా కన్నీళ్ళు, ఆమె మొక్కుబడి, పిల్లవాణ్ణి తీసుకెళ్ళి మందిరంలో అప్పగించడం, ఇదంతా నీకు కంఠతా వచ్చే ఉంటుంది. మీ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా నడుస్తున్న కథే కదా. 3వ అధ్యాయం చదువు. అప్పటికి సమూయేలు మందిరంలోనే ఉన్నాడు. పాలు మాన్పించిన దగ్గర్నుంచీ అక్కడే పెరిగాడు. యాజకుడైన ఏలీ దగ్గర పరిచర్య చేస్తున్నాడు. తల్లి మొక్కు అక్షరాలా తీరిపోయింది. అయినా 7వ వచనంలో ఏముందో చూడు. సమూయేలు అప్పటికి యెహోవాను ఎరుగడట.

ఎన్నో ఏళ్ళు సండే స్కూల్లో పిల్లలకు ఈ కథ చెప్పాను. ఆ వచనం దగ్గర ఆగి ఆలోచించింది మాత్రం చాలా ఆలస్యంగానే. తల్లి మొక్కు ఆ పిల్లవాణ్ణి మందిరం గుమ్మం దాకా తీసుకెళ్ళగలిగింది. ఆపైన దేవుడే పేరు పెట్టి పిలవాల్సి వచ్చింది. ఒక్కసారి కాదు, నాలుగుసార్లు. మొదటి మూడుసార్లూ పిల్లవాడు ఏలీయే పిలిచాడనుకుని ఆయన దగ్గరికి పరుగెత్తాడు. ఏలీలో ఎన్ని లోపాలున్నా ఆ రాత్రి పెద్దరికం నిలుపుకున్నాడు. "కూర్చో, దేవుడు నీ గురించి ఏమనుకుంటున్నాడో నేను చెబుతాను" అనలేదు. "వెళ్ళి పడుకో, మళ్ళీ పిలిస్తే ఆలకిస్తున్నానని చెప్పు" అని పంపించేశాడు.

మీ పాస్టరు గారి మీద నాకు కోపం లేదు. నీ మేలు కోరే ఆ మాట అని ఉంటారు. కానీ యోనాతో పోలిక కుదరలేదు. యోనాకు ఊరి పేరుతో సహా స్పష్టంగా మాట వచ్చింది. అది నచ్చక, డబ్బులు కట్టి మరీ ఎదురు దిక్కుకు వెళ్ళే ఓడ ఎక్కాడు. వినని మాట నుంచి ఎవరైనా ఎలా పారిపోతారు? ఇంకో తేడా కూడా ఉంది. అంత తుఫానులోనూ యోనా ఓడ అడుగున గాఢనిద్రలో ఉన్నాడు. నీకు నిద్రే పట్టడం లేదు.

ఇక అమ్మ మొక్కుబడి సంగతి. దీన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్ళు నాకు నచ్చరు. ఒళ్ళు కాలిపోతున్న బిడ్డను ఒడిలో పెట్టుకుని ఒక తల్లి అన్న మాటను "అదంతా ఆవేశంలో అన్నది లెండి" అని తీసిపారేయడానికి మనమెవరం? కానీ ఇలాంటి మొక్కుల గురించి దేవుడికి మనకంటే ముందే తెలుసు. లేవీయకాండం 27వ అధ్యాయం ఎప్పుడైనా చదివావా? ఎవరూ ప్రసంగించని అధ్యాయాల్లో అదొకటి. మనిషిని దేవునికి మొక్కుకుంటే ఆ మొక్కు ఎలా తీర్చాలో అందులో ఉంది. మనిషి బదులు వెండి చెల్లించి విడిపించుకోవచ్చు. మన తెలుగు బైబిల్లో, నెల మొదలు అయిదేళ్ళలోపు మగపిల్లవాడికి 5 తులాల వెండి అని రాసి ఉంది. ఎనిమిది నెలల నువ్వు ఆ లెక్కలోకి వస్తావు. అంతకూ ఇచ్చుకోలేని పేదవాడైతే, స్థోమత చూసి యాజకుడే వెల నిర్ణయించాలి.

ఇప్పుడు వెళ్ళి ఎక్కడో వెండి తూచి ఇమ్మని కాదు నేను చెప్పేది. ఆ ధర్మశాస్త్రం కింద నువ్వు లేవు. ఆ అధ్యాయంలో కనబడే దేవుడి మనసు చూడమంటున్నాను. కష్టంలో మనుషులు తమ పిల్లల్ని మొక్కుకుంటారని ఆయనకు తెలుసు. వాళ్ళు చిక్కుబడిపోకుండా దారి కూడా ఆయనే పెట్టాడు. మీ అమ్మ చేతిలోని అప్పు పత్రం పట్టుకుని నీ వెంట పడే వడ్డీ వ్యాపారి కాదు ఆయన. నువ్వు బతికింది కృప వల్ల. కృపకు తర్వాత బిల్లు రాదు. అకౌంట్స్ మనిషివి, ఇది నీకు నాకంటే బాగా అర్థం కావాలి.

భయంలో చేసిన మొక్కుతో జీవితమే మలుపు తిరిగినవాడు చరిత్రలో ఒకడున్నాడు. 1505 జూలైలో మార్టిన్ లూథర్ అనే 21 ఏళ్ళ లా విద్యార్థి దారిలో పిడుగుల వానలో చిక్కుకున్నాడు. ప్రాణభయంతో "బతికితే సన్యాసినవుతాను" అని మొక్కుకున్నాడు. పదిహేను రోజులు తిరిగేసరికి మఠంలో చేరిపోయాడు. తండ్రి మండిపడ్డాడు. మఠంలో ఉపవాసాలతో, జాగరణలతో ఒళ్ళు గుల్ల చేసుకున్నా లూథర్‌కు నెమ్మది దొరకలేదు. 1521లో మొక్కుబళ్ళ మీద ఒక పుస్తకమే రాశాడు. దేవుణ్ణి మెప్పించి రక్షణ సంపాదించుకుందామని చేసే మొక్కు సువార్తకే విరుద్ధమని అందులో వాదించాడు. దాన్ని ఎవరికి అంకితమిచ్చాడో తెలుసా? తన తండ్రికి.

ఆయనను ఇక్కడికి తేవడానికి మరో కారణం ఉంది. అప్పటి ఐరోపాలో "పిలుపు" అంటే పాదిరీలకు, సన్యాసులకు, సన్యాసినులకే. చెప్పులు కుట్టేవాడికి, పిల్లల్ని పెంచే తల్లికి పిలుపు ఉందని ఎవరూ అనుకోలేదు. లూథర్ ఆ మాటను వాళ్ళ దగ్గరికి తెచ్చాడు. జర్మన్ భాషలో "పిలుపు" అనే అర్థమున్న "బెరూఫ్" అనే పదానికి ఈరోజు "వృత్తి" అనే అర్థం ఉందంటే, అందులో ఆయన పాలు చాలా ఉంది. మన సంఘాల్లో మాత్రం ఆ పదం మళ్ళీ వెనక్కి నడిచినట్టుంది. "సేవలోకి వచ్చాడు" అన్నామంటే ఉద్యోగం మానేశాడనే అర్థం. అలాగైతే ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఇంతకాలం ఎవరి సేవ చేస్తున్నట్టు?

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. నేను విశ్వాసినేనా అన్నది ఒకటి, ఉద్యోగం మానేయాలా అన్నది ఇంకొకటి. రెండోదానికి "అవును" అంటే మొదటిదానికి జవాబు దానంతటదే దొరుకుతుందని నీకు తెలియకుండానే అనుకుంటున్నావు. సేవకుణ్ణయితే కనీసం అప్పుడైనా అసలు విశ్వాసిననిపిస్తుందని. నీ చిక్కంతా అక్కడుంది తమ్ముడూ. యేసుప్రభువు బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఆకాశం నుంచి ఏ మాట వచ్చింది? "ఈయనే నా ప్రియ కుమారుడు." అప్పటికి ఆయన ఒక్క ప్రసంగం చెయ్యలేదు, ఒక్క రోగిని బాగు చేసినట్టు సువార్తల్లో లేదు. సుమారు ముప్పై ఏళ్ళవాడు, వడ్రంగి. కుమారుడన్న మాట ముందొచ్చింది, పని తర్వాత మొదలైంది. ఆ వెంటనే అరణ్యంలో అపవాది మొదటి దెబ్బ ఎక్కడ కొట్టాడో చూడు: "నీవు దేవుని కుమారుడవైతే ఈ రాళ్ళను రొట్టెలు చెయ్యి." ఏదైనా చేసి నిరూపించుకో అని. నీ రాత్రుళ్ళలో వినబడే గొంతు కూడా ఇదే మాట అంటోందేమో చూసుకో. నువ్వు నిజంగా విశ్వాసివైతే ఉద్యోగం మానెయ్యి, మైకు పట్టుకో, ఏదో ఒకటి చేసి చూపించు. యేసు అక్కడ ఏదీ చేసి చూపించలేదు.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. ఇరవై ఏడేళ్ళ వయసులో ఒక స్త్రీల కూటంలో నన్ను వాక్యం చెప్పమన్నారు. టెన్షన్‌తో వారం రోజులు అన్నం సహించలేదు. అప్పట్లో నేను బాగా ఇష్టపడే ఒక ప్రసంగీకురాలు ఉండేవారు. మాట మధ్యలో ఆగి, గొంతు తగ్గించి, వణికిస్తూ మళ్ళీ పైకెత్తేవారు. నేనూ అచ్చం అలాగే చెప్పాను. ముగిశాక బాగా చెప్పానని ఒకరిద్దరు అన్నారు కూడా. చెప్పులు వేసుకుంటుంటే ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ గారు నా చెయ్యి పట్టుకుని, ఎంతో జాలిగా, "జలుబు చేసిందా అమ్మా? గొంతు అలా అయిపోయిందేంటి?" అని అడిగారు. ఆ రోజు పడిన సిగ్గు ఇప్పటికీ చెవుల్లో వేడిగా తగులుతుంది. ఆమె వెక్కిరించలేదు, నిజంగానే జలుబనుకున్నారు. నా గొంతు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు మరి. ప్రతి ఆదివారం ఆమె పక్కన కూర్చుని, చూపు ఆనని ఆమెకు పాటల పుస్తకం చదివి వినిపించేది నేనే. అది సేవ అని నాకెప్పుడూ తట్టలేదు. మైకు ముందు వేసిన వేషమే సేవ అనుకున్నాను.

సాక్ష్యం లేదన్నావు. పౌలుకు దమస్కు దారిలో వెలుగు కనబడింది, నేలమీద పడ్డాడు, మూడు రోజులు చూపు పోయింది. అందరూ వినాలనుకునే సాక్ష్యం అది. మరి పౌలు శిష్యుడు తిమోతికి ఏం జరిగింది? బైబిల్లో ఏమీ లేదు. అతని విశ్వాసం మొదట అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను ఉండేదని పౌలు రాశాడు. ఇంట్లో దొరికింది, ఇంట్లోనే పెరిగింది. దమస్కు దారిలో పడ్డ పౌలే అలా పెరిగిన తిమోతిని "నా కుమారుడు" అన్నాడు. నీ విశ్వాసమేమీ తక్కువది కాదనడానికి ఇంతకంటే పెద్ద సిఫారసు అక్కర్లేదు.

పిలుపు సంగతికొస్తే, పౌలు ఉత్తరాల్లో "పిలువబడినవారు" అన్న మాట చాలాచోట్ల ఒక పని కోసం పిలవడం గురించి కాదు, క్రీస్తువారిగా ఉండటానికి పిలవడం గురించి. రోమీయులకు రాసిన ఉత్తరం మొదట్లోనే చూడు. పేతురు "రాజులైన యాజక సమూహము" అన్నది ఎవరిని? ఆ ఉత్తరం ఇంకాస్త ముందుకు చదివితే తెలుస్తుంది. వాళ్ళలో యజమానుల ఇళ్ళలో పనిచేసే దాసులున్నారు, విశ్వాసం లేని భర్తలతో కాపురం చేస్తున్న భార్యలున్నారు. వాళ్ళలో ఎవరి దగ్గరా మైకు లేదు. ఎవరికీ రాజీనామా చేసే వీలు కూడా లేదు.

అలాగని ఉద్యోగం వదలడం తప్పని అనను. సువార్తల్లో ఇద్దరు సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్ళు, ఉన్నారు. మత్తయి పన్ను వసూలు చేసే చోట కూర్చుని ఉంటే యేసు "నన్ను వెంబడించు" అన్నాడు, లేచి వెళ్ళిపోయాడు. జక్కయ్య ఇంటికి ఆయనే వెళ్ళాడు. జక్కయ్య ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఉద్యోగం మానెయ్యమని మాత్రం అతనితో యేసు అన్నట్టు రాసి లేదు. ఇద్దరిదీ ఒకే వృత్తి, పిలిచింది ఒకే ప్రభువు, దారులు వేరు. ఇంకొకడు, సమాధుల్లో తిరిగిన, "సేన" అనే దయ్యాలు పట్టినవాడు, బాగుపడ్డాక నీతోనే వస్తానని బతిమాలాడు. పూర్తికాల సేవకు అంతకంటే సిద్ధంగా ఉన్నవాడు ఎవరుంటారు? యేసు ఒప్పుకోలేదు. "నీ యింటికి, నీవారి యొద్దకు వెళ్ళు" అని పంపేశాడు.

అకౌంట్స్ మనుషుల గురించి బైబిల్లో నాకు చాలా ఇష్టమైన వచనం ఒకటుంది. రెండవ రాజులు 12వ అధ్యాయంలో మందిరం బాగుచేయించే డబ్బు కొందరి చేతికి ఇస్తారు. వాళ్ళు నమ్మకస్థులు కాబట్టి వాళ్ళను లెక్క అడగలేదని 15వ వచనంలో ఉంది. పేర్లు లేవు. పది అధ్యాయాల తర్వాత, యోషీయా రాజు కాలంలో, ఇంకొందరి గురించి మళ్ళీ అదే మాట. మందిరం కూలకుండా నిలబడటంలో వాళ్ళ వంతు లేదంటావా? పౌలు కూడా సంఘాల కానుకలు యెరూషలేముకు పంపేటప్పుడు, ఎవరూ వేలెత్తి చూపకుండా ఇంకొక నమ్మకమైన సహోదరుణ్ణి తోడు పెట్టాడు. ఇంతకీ మీ సంఘంలో కానుకల లెక్కలు ఎవరు రాస్తున్నారు? ఈ ఆదివారం పాస్టరు గారిని అడిగి చూడు. యోనా అన్నమాట ఆయన మర్చిపోయేంత సంతోషిస్తారనుకుంటాను.

ముందు ముందు దేవుడు నిన్ను వాక్యసేవకే పిలవచ్చు. అది నాకు తెలియదు, నీకూ తెలియదు. అలా పిలిస్తే ఒకరి భయం మీదా, ఒకరి ఒత్తిడి మీదా ఆధారపడి ఉండదు. అంతియొకయ పట్టణంలో బర్నబా, సౌలు (పౌలుకే ఇంకో పేరు) అప్పటికే సంఘంలో పనిచేస్తున్నారు. వాళ్ళను ప్రత్యేకపరచమన్న మాట వాళ్ళిద్దరికే కాదు, ఉపవాసముండి ప్రార్థిస్తున్న అయిదుగురికీ కలిపి వచ్చింది. ఆ తర్వాత కూడా కొరింథులో పౌలు డేరాలు కుట్టుకునే బతికాడు. కాబట్టి ఇప్పుడు రాజీనామా రాయకు. ఒక ఏడాది పాటు, జీతం వస్తుండగానే, చేతికి దగ్గరలో ఉన్న పని ఏదో ఒకటి చెయ్యి. నిన్ను బాగా తెలిసినవాళ్ళు, నువ్వు ఏ నిర్ణయం తీసుకున్నా తమకు లాభం గానీ నష్టం గానీ లేనివాళ్ళు ఇద్దరు ఉంటారు. ఏడాది చివర వాళ్ళను అడుగు.

ఆఫీసులో చెప్పకపోవడం గురించి మాత్రం నిన్ను పూర్తిగా వదిలిపెట్టను. డప్పు కొట్టుకోకపోవడం ఒకటి, దాక్కోవడం ఇంకొకటి. ఏది నీదో నీకే తెలుసు. సిగ్గుతో దాస్తుంటే అది తప్పే, ఒప్పుకోవాలి. అలాగని సోమవారం టేబుల్ మీద వాక్యాల బోర్డు పెట్టమనడం లేదు. శిష్యులను మొట్టమొదట అంతియొకయలో క్రైస్తవులు అన్నారు. ఆ పేరు బయటివాళ్ళు పెట్టిందేనని చాలామంది పండితులు అంటారు. వీళ్ళ తీరు చూసి, ఎవరివాళ్ళో పోల్చుకున్నారన్నమాట.

ఇప్పుడు నీ ఉత్తరంలో నువ్వు పక్కకు నెట్టేసిన వాక్యానికొస్తాను. కొత్త కుర్రాడు. అంతమంది ఉన్న ఆఫీసులో వాడు వెతుక్కుంటూ నీ దగ్గరికే ఎందుకు వస్తున్నాడు? "ఒక వచనమైనా చెప్పను, ఊరికే వింటాను" అని తప్పు ఒప్పుకుంటున్నట్టు రాశావు. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు నేలమీద అతని పక్కన కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. వాళ్ళు చేసిన మంచి పని అదే. నోరు తెరిచాకే అంతా చెడింది. వాడు వచ్చినప్పుడు ఇప్పటిలాగే విను. వాడు లేచి వెళ్ళాక, నీ సీట్లోనే, కళ్ళు మూసుకోకుండానే, వాడి పేరు చెప్పి ఒక్క మాట ప్రార్థన చెయ్యి. ఏదో ఒక రోజు "అన్నా, మీరెప్పుడూ విసుక్కోరేంటి?" అని వాడే అడుగుతాడు. అప్పుడు దాచకు. నీకు తెలిసినంత, నీ గొంతుతోనే చెప్పు.

చివరగా అమ్మ. ఆమెతో వాదించకు. లేవీయకాండం చూపించి గెలవాలని అసలు చూడకు, అది నీకోసం చెప్పాను. ఆమె పక్కన కూర్చుని ఆ జ్వరం రాత్రి గురించి అడుగు. ముప్పై ఏళ్ళలో "నిన్ను సేవకు ఇచ్చాను" అన్న ముగింపు వెయ్యిసార్లు విని ఉంటావు. మొత్తం కథ ఎప్పుడైనా అడిగావా? పక్కన ఎవరున్నారు, దీపం ఉందా, ఏ పాట పాడుకుంది, జ్వరం దిగిందని ఆమెకు ఎప్పుడు తెలిసింది? నాకు సాక్ష్యం లేదన్నావు కదా, అది ఇంతకాలం ఆమె దగ్గరే ఉంది.

అంతా విన్నాక కుర్రాడి సంగతి చెప్పు. వాడి కష్టాలు చెప్పకు, అవి నిన్ను నమ్మి చెప్పుకున్నవి. పేరు చాలు. ఆమె ప్రార్థనకు ఆ మాత్రం సరిపోతుందని నీకు నేను చెప్పాలా!